ముందు ఒక్క శ్రోత, తర్వాతే వేదిక

శ్రోతలకు నమస్కారం.

బడి వార్షికోత్సవంలో ఎనిమిదేళ్ల పిల్ల వేదిక ఎక్కింది అనుకుందాం. వారం రోజులుగా ఇంట్లో అప్పజెప్పిన ప్రసంగమే. మూడు వాక్యాలు గడగడా వచ్చేశాయి. నాలుగో వాక్యం దగ్గర ఆగింది. పైకి చూసింది, పెదవి కొరికింది, మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. మళ్లీ సరిగ్గా అక్కడే ఆగింది. కింద కూర్చున్న అమ్మ ఆ మాట అందించేదాకా బండి కదల్లేదు.

దీన్ని మనం సభాపిరికి అనేస్తాం. చాలాసార్లు అది పిరికితనం కానే కాదు. బట్టీ పట్టిన ప్రసంగంలో ప్రతి మాటా ముందు మాటను పట్టుకునే వస్తుంది. ఒక్కటి జారితే వెనక ఉన్నవన్నీ ఆగిపోతాయి. అందుకే పిల్ల మొదటికి పోతుంది, వేగం అందుకుంటే దాటేస్తానన్న ఆశతో. తాను చెబుతున్న విషయం తనకు తెలిసి ఉంటే వేరే మాటతోనైనా దాటేసేది. రాసిచ్చింది పెద్దవాళ్లు, ఆ మాటలు ఆ పిల్లవి కావు.

ప్రాథమిక తరగతుల్లో చదవడం ఒక విద్యగా, నలుగురిలో మాట్లాడడం మరో విద్యగా విడదీసి నేర్పుతున్నాం. రెండింటికీ మధ్య ఒక మెట్టు ఉంది: చదివినదాన్ని ఒకరికి చెప్పడం. ఆ మెట్టును వదిలేసి పిల్లల్ని నేరుగా మైకు ముందుకు తోస్తున్నాం.

ముందు చదవడం సంగతి చూద్దాం. రెండో తరగతి పిల్లాడు పైకి చదువుతుంటే చెవిపెట్టి వినండి. "పి... ల్లి... చె... ట్టు... ఎ... క్కిం... ది" అని కూడబలుక్కుంటూ వెళ్తాడు. "చెట్టు ఎవరెక్కారు?" అని అడిగితే తెల్లమొహం వేస్తాడు. తెలివి తక్కువై కాదు. మనసు ఒక్కసారికి పట్టి ఉంచగలిగేది కొంచెమే. అదంతా అక్షరాలు గుర్తుపట్టడానికే సరిపోతే, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు జారిపోతుంది.

తెలుగులో ఈ తడబాటు ఎక్కువగా రెండు చోట్ల వస్తుంది. ఒకటి, పోలికలున్న అక్షరాలు. వ, ప, మ, య ఒక గుంపు. ద, ధ, థ మరో గుంపు. ఒక గుంపులోని అక్షరాలన్నీ ఒకేరోజు పక్కపక్కన నేర్పితే పిల్లలు వాటిని నెలలపాటు తారుమారు చేస్తూనే ఉంటారు. ఒక అక్షరం చేతికీ కంటికీ బాగా అలవాటయ్యాక, కొన్నాళ్లు ఎడం ఇచ్చి రెండోదానికి వెళ్లాలి.

రెండోది వత్తులు. గ, ద, ప లాంటి అక్షరాలతో పేచీ లేదు, తలకట్టు తీసేస్తే దాదాపు అదే రూపం వత్తవుతుంది. త, న, మ, య, ర, ల అలా కావు. వీటి వత్తుకూ అక్షరానికీ పోలికే కనపడదు. విచిత్రమేమిటంటే, ఆ ఆరూ పిల్లల నోట్లో రోజూ నలిగే మాటల్లోనే ఉంటాయి: అత్త, అన్న, అమ్మ, ఉయ్యాల, గుర్రం, పిల్లి. కాబట్టి ఈ ఆరు వత్తుల్నీ ఈ ఆరు మాటలతోనే, బొమ్మల చీటీలు చేసి నేర్పవచ్చు. అక్షరమాల వరసలో వత్తులు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

పిల్లలు చదువుతూ ఆగితే మనం చేసే పొరపాటు వెంటనే మాట అందించేయడం. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970ల్లో తరగతి గదుల టేపులు విని ఒక సంగతి పట్టుకున్నారు. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పే పిల్లల సంఖ్య పెరిగింది. చదివించేటప్పుడూ ఇదే లెక్క పెట్టుకోండి. మనసులో ఒకటి, రెండు, మూడు అనుకోండి. అప్పటికీ రాకపోతే పిల్ల తడబడిన వత్తు మీదో గుడి మీదో వేలు పెట్టి చూపండి. మాట దొరికాక వాక్యం మొత్తం మళ్లీ మొదటినుంచి చదివించండి. ఈ చివరి పని చాలామంది వదిలేస్తారు. అర్థం అతుక్కునేది అప్పుడే. ఇక అర్థం చెడని చిన్న తేడాలుంటాయి. "చెట్టు ఎక్కింది" అని ఉన్నచోట "చెట్టెక్కింది" అని చదివితే సంతోషించండి, ఆ పిల్ల మాటలుగా చదువుతోందన్నమాట.

కూడబలుక్కునే దశ దాటించడానికి బాగా నిలదొక్కుకున్న పద్ధతి, ఒకే భాగాన్ని పదేపదే చదవడం. దీన్ని 1979లో జే శామ్యూల్స్ అనే పరిశోధకుడు వివరంగా రాశారు. తెలుగు మాటలు పొడుగు కాబట్టి 40 నుంచి 60 మాటల భాగం చాలు. ఈరోజు రెండుసార్లు, రేపు రెండుసార్లు. మొదటిసారి అక్షరాలు సరిచూసుకోవడానికి, రెండోసారి మాటల్ని జట్లుగా కలుపుకోవడానికి, మిగతా రెండుసార్లు గొంతులో భావం పలికించడానికి. "మళ్లీ ఎందుకు చదవాలి?" అని పిల్లలు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబుగా ఒక శ్రోతను చూపించండి. "ఎల్లుండి ఒకటో తరగతి వాళ్లకు నువ్వు చదివి వినిపించాలి" అంటే నాలుగుసార్లేం, అడక్కుండానే ఆరుసార్లు చదువుతారు.

తరగతిలో వరసగా తలా ఒక వాక్యం చదివించే అలవాటు మాత్రం మానుకోవాలి. తన వంతు ఏ వాక్యం దగ్గర వస్తుందో లెక్కపెట్టుకునే పిల్లలు మిగతావి వినరు. సరిగా రాని పిల్ల ఏ సాధనా లేకుండా అందరి ముందూ దొరికిపోతుంది. దాని బదులు ఇద్దరిద్దరిని జతచేసి ఒకరికొకరు చదువుకోమనండి. గది కాస్త గోలగోలగా ఉంటుంది. ఉండనివ్వండి.

పిల్లలకు చదవడం వచ్చేసిందని పెద్దలు చదివి వినిపించడం ఆపేయడం మరో తప్పు. ఈ వయసులో వాళ్లు విని అర్థం చేసుకోగలిగేది, చదివి అర్థం చేసుకోగలిగేదానికంటే చాలా ఎక్కువ. పుస్తకాల్లో మాత్రమే ఉండే మాటలు చెవి దారినే లోపలికి వెళ్తాయి. అయిదో తరగతి దాకా రోజూ 10, 15 నిమిషాలు చదివి వినిపించండి. బొమ్మలు పిల్లల వైపు ఉండాలి. మధ్యలో రెండు మూడు చోట్ల మాత్రమే ఆగి "ఇప్పుడేం జరగొచ్చు?", "అలా ఎందుకు చేసింది?" అని అడగండి. ప్రతి పేజీకీ ప్రశ్న వేస్తే కథ పోయి పరీక్ష మిగులుతుంది.

ఏ పుస్తకం ఇవ్వాలి? 20 మాటలు చదివించి చూడండి. ఒక తప్పు వస్తే ఆ పుస్తకం ఆ పిల్ల ఒంటరిగా చదువుకోవచ్చు. రెండు వస్తే పక్కన ఎవరైనా ఉండాలి. అంతకు మించితే ఇప్పటికి పక్కన పెట్టండి, లేదా మీరే చదివి వినిపించండి. పిల్లలు తమంతట తాము ఎంచుకోవడానికి వేళ్ల లెక్క ఉంది: ఒక పేజీ చదువుతూ తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. పేజీ అయ్యేలోగా అయిదు వేళ్లూ ముడుచుకుంటే మరో పుస్తకం వెతుక్కోవాలి.

బీరువాలో తాళం వేసి ఉంచిన పుస్తకం ఏ స్థాయిదైనా ఒకటే. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో మొదటిది, పుస్తకాలు వాడకం కోసమే అని. గోడకు ఒక తాడు కట్టి 25, 30 పుస్తకాలు అట్టలు కనిపించేలా వేలాడదీయండి. పిల్లలు బొమ్మను చూసి ఎంచుకుంటారు, అంచు మీది పేరు చూసి కాదు. రెండు వారాలకోసారి మార్చండి. ఇచ్చిపుచ్చుకోవడాల పద్దు పిల్లలకే అప్పగించండి. నాలుగు పుస్తకాలు చిరుగుతాయి. చిరిగినందుకు తిట్టిన మర్నాడు ఎవరూ పుస్తకం ముట్టుకోరు.

ఇప్పుడు ఆ మధ్యమెట్టు దగ్గరికి వద్దాం. ఒక కాగితాన్ని రెండుసార్లు మడిచి విప్పితే నాలుగు గళ్లు వస్తాయి. మొదటి గడిలో కథలో ఎవరున్నారు, రెండో గడిలో ఎక్కడ ఉన్నారు, మూడో దాంట్లో ఏం చిక్కొచ్చింది, నాలుగో దాంట్లో చివరికేమైంది. ఒకటి రెండు తరగతుల పిల్లలు బొమ్మలు గీస్తారు. మూడు నుంచి పైవాళ్లు గడికి ఒకటి రెండు మాటలు రాస్తారు. వాక్యాలు రాయనివ్వకండి. రాస్తే కళ్లు కాగితంలోనే ఉండిపోతాయి, మళ్లీ అప్పజెప్పడం మొదలవుతుంది. పుస్తకం మూసి, ఈ నాలుగు గళ్ల కాగితం పట్టుకుని పక్కనున్న నేస్తానికి అర నిమిషం చెప్పాలి. తర్వాత ఆ నేస్తం చెప్పాలి. సిసలైన ప్రసంగ శిక్షణ ఇదే. కథకు బదులు ఆట నియమాలైనా, ఒక పురుగు గురించైనా ఇదే కాగితం పనికొస్తుంది. గళ్ల పేర్లు మార్చుకుంటే చాలు.

రెండు వారాలు జతగా చెప్పాక నలుగురి గుంపులో, ఆ తర్వాత తరగతిలో తన చోటునుంచి లేచి, ఆ తర్వాత నల్లబల్ల ముందు నిలబడి, అటుపైన పక్క తరగతిలో. అసెంబ్లీ అన్నిటికంటే చివర. ఒక మెట్టు దగ్గర ఇబ్బంది పడుతున్న పిల్లను ఇంకో రెండు వారాలు అక్కడే ఉండనివ్వండి. వ్యవధి విషయంలో ఒకటి రెండు తరగతులకు అర నిమిషం నుంచి నిమిషం, అయిదో తరగతికి రెండు నిమిషాలు చాలు. తరగతిలో 30 మంది ఉంటే టైమెక్కడిది అంటారు. రోజుకు ఆరుగురు, తలా రెండు నిమిషాలు, మొత్తం 12 నిమిషాలు. అయిదు రోజుల్లో అందరి వంతూ వస్తుంది.

కంఠతా పట్టాల్సినవి రెండే వాక్యాలు, మొదటిదీ చివరిదీ. గుండె దడ ఎక్కువగా ఉండేది మొదట్లోనే కాబట్టి నోటికి వచ్చిన వాక్యం ఒకటి ఉంటే దాటేస్తారు. చివరి వాక్యం తెలియకపోతే "అంతే" అని పరుగెత్తుకొచ్చేస్తారు.

గొంతు విషయంలో తెలుగుకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. "రాజు ఊరికి వెళ్లాడు", "రాజు ఊరికి వెళ్లలేదు". అవునో కాదో తేలేది ఆఖరి మాటలోనే. పిల్లలు సరిగ్గా ఆ ఆఖరి మాటనే మింగేస్తారు, ఊపిరి అయిపోతుంది కాబట్టి. "గట్టిగా చెప్పు" అని అరిస్తే ఉపయోగం లేదు. మెడ బిగుసుకుని గొంతు కీచుమంటుంది, చివరి మాట మాత్రం అలాగే పోతుంది. వాక్యానికీ వాక్యానికీ మధ్య ముక్కుతో ఊపిరి తీసుకోమనండి. తన నేస్తాన్ని ఆఖరి వరసలో కూర్చోబెట్టి, ప్రతి వాక్యం చివరి మాట వాడికి వినిపించాలని చెప్పండి. వినపడకపోతే వాడు చెయ్యెత్తుతాడు. చూపు కోసం కూడా ఎడమ, మధ్య, కుడి వైపుల ముగ్గురు నేస్తాల్ని కూర్చోబెడితే సరి.

మైకు ఉంటే ముందురోజే ఒకసారి అలవాటు చేయించండి. తన గొంతు తనకే పెద్దగా, క్షణం ఆలస్యంగా తిరిగి వినపడితే పిల్లలు బెదిరి ఆగిపోతారు. మైకు గడ్డం ఎత్తులో, జానెడు దూరంలో ఉండాలి.

వినేవాళ్లకూ పని ఉండాలి. చెప్పడం అయ్యాక ఒకరు తమకు గుర్తున్న సంగతి ఒకటి చెప్పాలి, ఇంకొకరు ఒక ప్రశ్న అడగాలి. మార్కులు వద్దు. ఇంటి యాసలో మాట్లాడితే మధ్యలో ఆపి దిద్దకండి. అది తప్పు కాదు, పైగా అలా దిద్దించుకున్న పిల్ల మర్నాడు లేవదు. నత్తి ఉన్న పిల్లల వాక్యాల్ని మీరు పూర్తి చేయకండి, "మెల్లగా చెప్పు" అనకండి, ఆగి వినండి. అందరితో కలిసి చదివేటప్పుడు నత్తి బాగా తగ్గుతుంది కాబట్టి బృంద పఠనంలో వాళ్లను తప్పక చేర్చండి. ఇబ్బంది నెలల తరబడి ఉంటే మాట చికిత్స నిపుణులకు చూపించాలి.

బహుమతుల గురించి ఒక హెచ్చరిక. 1973లో లెపర్, గ్రీన్, నిస్‌బెట్ అనే ముగ్గురు మనస్తత్వ పరిశోధకులు, బొమ్మలు గీయడం ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత పత్రాల ఊసు లేనప్పుడు, ఆ పిల్లలు గీయడానికి వెచ్చించిన సమయం మిగతావాళ్లలో సగానికి పడిపోయింది. ఇన్ని పుస్తకాలు చదివితే బహుమతి అంటే పిల్లలు అన్నిటికంటే పలచని పుస్తకాలు ఏరుకుంటారు. బాగా చదివిన పిల్లకు, రేపు తరగతికి ఏ పుస్తకం చదివి వినిపించాలో ఎంచే అవకాశం ఇచ్చి చూడండి.

ఇంత చేసినా ఏదో ఒకరోజు వేదిక మీద పిల్ల ఆగిపోతుంది. అప్పుడు ముందు వరసలోని పెద్దవాళ్లు మరచిన మాట అందించవద్దు. కాసేపు ఆగండి. అప్పటికీ రాకపోతే చిన్నగా "తర్వాత ఎవరొచ్చారు?" అని అడగండి. చేతిలో నాలుగు గళ్ల కాగితం ఉంది కాబట్టి చూసుకుని జవాబు చెబుతుంది, ఆ జవాబే తర్వాతి వాక్యం అవుతుంది.

సెలవు. నమస్కారం.