రోబోనా, కోతా, ఆగి చూడటమా?

తమ్ముడు: ఈ వారం చాలామంది అడిగిన టాపిక్. రెక్టల్ క్యాన్సర్‌కి, అంటే పెద్దపేగు చివర, మలద్వారానికి పైన వచ్చే క్యాన్సర్‌కి, రోబో సర్జరీ మేలా, చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ల్యాప్రోస్కోపీనా, పొట్ట కోసి చేసే ఓపెన్ సర్జరీనా?

అక్క: కలర్-టూ ట్రయల్‌లో ల్యాప్రోస్కోపీకైనా ఓపెన్‌కైనా మూడేళ్లలో అదే చోట క్యాన్సర్ తిరిగొచ్చింది 5 శాతం మందికే. రోలార్ అనే ఇంకో ట్రయల్‌లో రోబోకీ ల్యాప్రోస్కోపీకీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అసలు చూడాల్సింది అంచు...

తమ్ముడు: స్కేలు తీసేసింది!

అక్క: తీస్తాను. గడ్డకూ కోసిన అంచుకూ మధ్య 1 మిల్లీమీటరైనా లేకపోతే తిరిగొచ్చే ముప్పు ఎక్కువ. పేగు చుట్టూ ఉన్న కొవ్వును పొర చిరగకుండా మొత్తంగా తీయాలని 1982లోనే బ్రిటిష్ సర్జన్ బిల్ హీల్డ్ చూపించాడు.

తమ్ముడు: సరే, కానీ మెసేజ్‌లు పెట్టేవాళ్లకు కావాల్సింది ఒకటే. పొట్టకు మలం సంచి తగిలించకుండా అవుతుందా?

అక్క: గడ్డ బాగా కిందుంటే అవ్వదు. మలద్వారం కండరాన్ని కాపాడినా కొందరికి రోజంతా బాత్రూమ్ చుట్టూనే గడుస్తుంది, ముఖ్యంగా రేడియేషన్ కూడా తీసుకుంటే. అలాంటివాళ్లకు సంచే నయం.

తమ్ముడు: అంత తేలిగ్గా అనకు. మావయ్య బయటికి రావడమే మానేశాడు.

అక్క: ...తెలుసురా. సంచితో ఎలా బతకాలో ఆయనకు ముందే ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నా కోపమంతా దానిమీదే.

తమ్ముడు: అందుకే ఆగి చూడటం గురించి అడుగుతున్నా. కీమో, రేడియేషన్‌తో గడ్డ పూర్తిగా కనబడకుండా పోతే ఇక కోయడం దేనికి? బ్రెజిల్‌లో సర్జన్ హబ్ర్-గామా 2004లోనే చెప్పింది కదా.

అక్క: చెప్పింది, నేనూ ఒప్పుకుంటా. కానీ 2018లో వచ్చిన, అలా ఆగి చూసిన 880 మంది లెక్క చూస్తే, రెండేళ్లలో పావువంతు మందికి గడ్డ మళ్లీ పెరిగింది.

తమ్ముడు: దాదాపు అందరికీ పేగు గోడలోనే కదా! అప్పుడు తీయొచ్చు.

అక్క: తొందరగా కనిపెడితే. స్కోపీలు, ఎంఆర్ఐలు ఒక్కటీ తప్పకూడదు. తప్పిపోయేవాళ్లకు ఇది చెప్పడం నాకు భయం. అప్పుడు చేసే ఆపరేషన్‌లో కూడా ఆ 1 మిల్లీమీటరు...

తమ్ముడు: అక్కా! టైం అయిపోయింది.

అక్క: ఒక్క మాట. గడ్డ కణాల్లో డీఎన్ఏ తప్పుల్ని సరిదిద్దే పనిలో లోపముందేమో చూసే ఎంఎంఆర్ పరీక్ష చేశారా అని అడగండి. ఆ లోపం ఉన్నవాళ్లకు డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఒక్కటే ఇస్తే మొదటి 12 మందికీ గడ్డ కనబడకుండా పోయింది, 2022లో వచ్చిన రిపోర్ట్.

తమ్ముడు: అది వేరే ఎపిసోడ్!

అక్క: వేరేదే. కానీ ఆపరేషన్ డేట్ తీసుకునేలోపే అడగాలి కదా...