ఫోన్-ఇన్: ఉద్యోగం తీసేస్తున్నామని ఎలా చెప్పాలి?

యాంకర్: జీడిమెట్ల నుంచి ఫోన్. చెప్పండి సార్.

కాలర్: నమస్తే మేడం. మాది మెషిన్ షాప్, నాన్నగారు పెట్టింది. ఆర్డర్లు సగానికి పడిపోయాయి. 26 మందిలో ఏడుగుర్ని తీసేయక తప్పట్లేదు. అందులో ఒకాయన 19 ఏళ్లుగా లోహం చెక్కే లేత్ మెషిన్ మీద ఉన్నాడు. చిన్నప్పుడు నన్ను స్టూలు మీద నిలబెట్టి మైక్రోమీటర్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఇప్పటికీ చిన్నబాబూ అనే పిలుస్తాడు. నాకు నోరు రావట్లేదు. సూపర్‌వైజర్‌తో చెప్పిద్దామా అని...

నిపుణురాలు: వద్దండి, మీరే చెప్పాలి. ముందొకటి. చట్టం ప్రకారం మామూలుగా ఆ పనిలో చివర చేరినవాళ్లను ముందు తీయాలి. మరి ఈయనెందుకు?

కాలర్: పాత లేతులన్నీ ఆపేస్తున్నాం మేడం. ఆ ఏడుగురూ వాటి మీదే.

నిపుణురాలు: సరే. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, మొదటి మాటలోనే విషయం చెప్పేయండి. పిల్లల చదువులు అడుగుతూ నాన్చితే అంతసేపూ ఆయనకు దడే. లెక్క కాగితం మీద రాసి చేతికివ్వండి. నెల ముందు నోటీసు, ఏడాదికి 15 రోజుల చొప్పున ఆయన 19 ఏళ్లకు 285 రోజుల జీతం. గ్రాట్యుటీ వేరు, అది 30 రోజుల్లో కట్టాలి. మీరు నోటితో చెప్పే అంకెలు అప్పుడాయన చెవికెక్కవు. ఇంటికెళ్లాక భార్య అడుగుతుంది, ఎంతిస్తారట, ఎప్పుడిస్తారట అని.

కాలర్: అవును మేడం. అయితే సూపర్‌వైజర్ ముందుగా కొంచెం సూచనగా చెబితే...

నిపుణురాలు: మళ్లీ అక్కడికే వచ్చారు! టీ బంకు దగ్గర ఎవరి నోటో వింటే ఆయనకెలా ఉంటుంది బాబూ? మీకు పని నేర్పిన మనిషి. ఎదురుగా కూర్చోండి. ఆయన ఏడ్చినా, తిట్టినా విననివ్వండి మీ చెవుల్ని. మీకూ ఏడుపొస్తే రానివ్వండి.

కాలర్: ...సరే మేడం.

యాంకర్: థాంక్యూ సార్. మాదాపూర్ నుంచి మరో కాలర్.

కాలర్: నేను హెచ్‌ఆర్ అండి. నలభై మంది. ఒకే వీడియో కాల్‌లో చెప్పమంటున్నారు.

నిపుణురాలు: ఒప్పుకోకండి. 2021 డిసెంబర్‌లో అమెరికా ఇంటిలోన్ల కంపెనీ బెటర్ డాట్ కామ్ సీఈఓ విశాల్ గార్గ్ జూమ్‌లో దాదాపు 900 మందిని తీసేసి, చెప్పిన తీరుకు తర్వాత క్షమాపణ చెప్పుకున్నారు. మేనేజర్లతో విడివిడిగా చెప్పించండి, మొదటి మాటలోనే. మనిషికి చెప్పకముందే లాగిన్ ఆపేయకండి.

యాంకర్: ఆఖరి కాల్. త్వరగా అండి.

కాలర్: దసరా అయ్యాక చెబితే మంచిది కదా మేడం?

నిపుణురాలు: నిర్ణయం అయిపోయిందా?

కాలర్: అయిపోయిందండి.

నిపుణురాలు: అయితే ఇవాళే చెప్పండి. జీతం వస్తుందనుకుని పండక్కి అప్పు చేసి బట్టలు కొంటారండీ.

యాంకర్: టైమైపోయింది. థాంక్యూ మేడం.