రంగం తలుపుకు ఐదు వందల రూపాయలు

సభకు నమస్కారం.

బర్మా (నేటి మయన్మార్) రేవు నగరం రంగూన్‌ను మన ఉత్తరాంధ్ర పల్లెల్లో పాతకాలం వాళ్ళు రంగూన్ అనరు, రంగం అంటారు. ‘రంగం పోయాడు’ అంటే కూలికోసం సముద్రం దాటాడని. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో చాపచుట్ట చంకన పెట్టుకుని, ఓడ పైతట్టున ఆరుబయట పోయే చవక డెక్కు టిక్కెట్టు చేతబట్టుకుని ఓడ ఎక్కేవారు. వేరే చీటీ ఏదీ అక్కర్లేదు. 1937 వరకు బర్మా ఇండియాలో ఒక రాష్ట్రమే కదా! 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులు. రేవులో బస్తాలు మోసిన తెలుగువాళ్ళను కోరంగి రేవు పేరు మీదే కోరింగీలని పిలిచేవారు.

1937లో బర్మాను ఇండియా నుంచి విడదీశారు. మరుసటి ఏడు భారతీయుల మీద అల్లర్లు. బర్మీయుల గోడు అబద్ధం కాదు. దిగువ బర్మా వరిపొలాల్లో దాదాపు నాలుగో వంతు వడ్డీ వ్యాపారం చేసే తమిళ చెట్టియార్ల చేతుల్లోకి పోయింది, కూలిపని దగ్గర పోటీ ముదిరింది. కానీ అప్పులిచ్చినవాడి మీది కోపం బస్తా మోసేవాడి మీద పడింది. 1930లో రేవు కూలీల సమ్మె చివర రంగూన్ వీధుల్లో తెలుగువాళ్ళ నెత్తురు పారిన సంగతి మరిచిపోకూడదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1941 జూన్ 28న ఇండియా, బర్మా ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి. జూలైలో బయటపెట్టారు. నైపుణ్యం లేని కూలీలు ఇక రాకూడదు. స్థిరంగా ఉండదలచినవారు ‘ఎ’ పర్మిట్‌కు 500 రూపాయలు కట్టాలి. బర్మా స్త్రీని పెళ్ళాడకూడదన్న షరతుకూ అందులో చోటిచ్చారు. ఆ రోజుల్లో ఐదు వందలంటే కూలివాడు కలలో కూడా చూడని సొమ్ము. అయినా వాడికి ఆ రుసుము కట్టే దారి కూడా లేదు, తలుపు మూసేశారు. గాంధీజీ ఈ ఒప్పందాన్ని బాహాటంగా తప్పుపట్టారు.

ఆ ఏడే డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. రేవు కూలీలు ఉత్తరానికి పోయే ప్రోమ్ రోడ్డు పట్టుకుని పారిపోతుంటే ప్రభుత్వం బతిమాలి వెనక్కి తెచ్చింది. సరుకు దించేవాళ్ళు లేకపోతే యుద్ధం ఆగిపోతుందాయె! అంతటితో ఆగలేదు. వయసొచ్చిన భారతీయ మగవాళ్ళకు డెక్కు టిక్కెట్లు ఇవ్వవద్దని ఆంక్ష పెట్టారు. ఏ టిక్కెట్టు మీద వాళ్ళు వచ్చారో ఆ టిక్కెట్టే ఇప్పుడు లేదన్నారు. పై తరగతి ఛార్జీ పెట్టుకోగలిగినవాళ్ళు ఓడెక్కారు. మిగిలినవాళ్ళు అరకాన్ తీరానికి దారితీసే టాంగుప్ కనుమ మీదుగా, మణిపూర్ సరిహద్దులోని టము మీదుగా ఇండియాకు నడిచారు. కలరాతో, ఆకలితో దారిలో ఎంతమంది పోయారో పూర్తి లెక్క ఎవరూ రాయలేదు.

ఆ నడకలో బతికి వచ్చినవాళ్ళ మనవలు, మునిమనవలు ఈ సభలోనూ ఉండవచ్చు. ఇంట్లో పాత ట్రంకుపెట్టె అడుగున రంగం నాటి టిక్కెట్టో, ఉత్తరమో, రసీదో ఉంటే దయచేసి పారేయకండి. పెద్దవాళ్ళు చెప్పింది ఈ వారమే కూర్చుని రాసిపెట్టండి.