మీ చేతులతో మీరే తెనాలి రామకృష్ణుడి పిల్లిని తయారుచేస్తున్నారు!

ముందు ఒక్క మాట. పిల్లి రోజూ తినే గిన్నెలో మందు కలపకండి. మళ్ళీ చెప్తున్నా, రోజూ తినే గిన్నెలో మందు కలపకండి! ఈ వీడియోలో ఇంకేం గుర్తుండకపోయినా పర్లేదు, ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

ఆ రీల్స్ మీరూ చూసే ఉంటారు. మాత్రని రెండు స్పూన్ల మధ్య పెట్టి నలిపేస్తారు, పొడిని పాలన్నంలో కలిపి పైన కాస్త పంచదార జల్లుతారు, గిన్నె తీసుకెళ్ళి పిల్లి ముందు పెడతారు. పిల్లి మూతి దగ్గర పెట్టి వాసన చూస్తుంది, అక్కడితో వీడియో కట్! తిన్నదా లేదా చూపించరు. కింద కామెంట్లు చదివితే తెలుస్తుంది. "మా పిల్లి ముట్టలేదండీ", "ఆ రోజు నుంచి అన్నమే తినట్లేదండీ". తినదు మరి, ఎందుకు తింటుంది?

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలుసు. రాయలవారు పిల్లితో పాటు పాల కోసం ఆవునీ ఇస్తే, ఈయన సలసల కాగే పాలు పెట్టాడు, పిల్లి మూతి కాలింది. తర్వాత సభలో చల్లటి పాలు పెట్టినా పిల్లి పరుగో పరుగు. మనం నవ్వుకుని వదిలేశాం కానీ, ఆ కథలో ఉన్నది అచ్చమైన సైన్సు.

1955లో అమెరికాలో జాన్ గార్సియా అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఎలుకలకి శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్ళు తాగించి, రేడియేషన్ ఇచ్చారు. ఎలుకలకి ఒంట్లో బాగోలేదు. నీళ్ళలో ఏ దోషమూ లేదు, అయినా తర్వాత అవి ఆ తియ్యటి నీళ్ళ జోలికి పోవడం బాగా తగ్గించేశాయి. కడుపు తిప్పడానికి ముందు నోట్లో ఏ రుచి ఉందో, తప్పంతా ఆ రుచి మీదకే పోతుంది. ఇప్పుడు మీ పిల్లిని చూడండి. అసలే జబ్బుతో ఉంది, వికారంగా ఉంది. దానికి ఇష్టమైన తిండిలోనే మీరు చేదు కలిపారు. రేపు ఆ తిండిలో మందు లేకపోయినా దానికి ఆ చేదే గుర్తొస్తుంది.

తినకపోతే పోనీలే, ఆకలేస్తే అదే తింటుంది అంటారు కొందరు. అలా అనకండి, దయచేసి! పిల్లి రెండు మూడు రోజులు సరిగ్గా తినకపోతే, ముఖ్యంగా కాస్త బొద్దుగా ఉన్నదైతే, ఒంట్లో కొవ్వంతా కరిగి లివర్‌లో చేరిపోతుంది. లివర్ దెబ్బతిని కళ్ళు, చెవుల లోపలి వైపు పసుపు తిరుగుతాయి. సరైన టైమ్‌లో వైద్యం అందకపోతే ప్రాణమే పోతుంది. అంటే చిన్న ఇన్‌ఫెక్షన్‌కి మందు ఇవ్వబోయి, దానికంటే పెద్ద జబ్బు తెచ్చిపెట్టినట్టు! అందుకే నాకు ఆ రీల్స్ చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఆ పంచదార సంగతి కూడా చెప్పాలి. పంచదార, తేనె, బెల్లం, గులాబ్‌జామూన్ పాకం... ఇవన్నీ ఎవరి కోసం? పిల్లికి తీపే తెలియదు! ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ శాస్త్రవేత్తలు 2005లో దీని గుట్టు విప్పారు. నాలుక మీద తీపిని గుర్తించే పరికరానికి రెండు జన్యువులు కావాలి. పిల్లిలో అందులో ఒకటి పాడైపోయి ఉంది. పులికీ చీతాకీ కూడా అంతే. పిల్లికి బాగా తెలిసేది మాంసం రుచి, చేప రుచి. ట్యూనా అంటే పడి చచ్చిపోవడానికి కారణం కూడా దాని నాలుకలోనే ఉందని 2023లో ఇంకో పరిశోధన వచ్చింది. చేదు కూడా దానికి బాగానే తెలుస్తుంది. అంటే మీరు వేసిన పంచదార దానికి అందదు, మీరు నలిపిన మాత్ర చేదు మాత్రం అందుతుంది.

నలపడమే అసలు దరిద్రం. మెట్రోనిడజోల్ మాత్ర పైన పూత ఉంటే ఆ పూతే చేదుని ఆపుతుంది. దాన్ని పొడి చేస్తే పిల్లి నోటి నిండా నురగ కక్కుతుంది, చొంగ కారుతుంది, ఇంట్లోవాళ్ళు విషం తిన్నదేమో అని టెన్షన్ పడిపోతారు. చాలాసార్లు అది ఉత్త చేదు వల్లే. ఇంకొన్ని మాత్రలకి కడుపులోని యాసిడ్ తగలకుండా పూత వేస్తారు, నలిపితే ఆ మందు పనే చెయ్యదు.

నా గట్టి నమ్మకం ఏంటంటే, మందంటే పారిపోయే పిల్లుల్లో చాలా వాటిని మనమే అలా తయారుచేస్తున్నాం. మొదటి రోజు, మొదటి డోసు దగ్గరే అంతా తేలిపోతుంది. ఆ డోసు చెడగొట్టకండి. ఎఫ్‌ఐపీ అని, పిల్లులకి కరోనా జాతి వైరస్ వల్ల వచ్చే ప్రాణాంతకమైన జబ్బు ఉంది. అది వచ్చిన పిల్లులకి ఇచ్చే జీఎస్ అనే యాంటీవైరల్ మందు మామూలుగా 84 రోజుల కోర్సు అండీ. మొదటి రోజే నమ్మకం పోగొట్టుకుంటే మిగతా రోజులు ఎలా నెట్టుకొస్తారు?

సరే, ఎలా ఇవ్వాలో ఇప్పుడు దగ్గర నుంచి చూడండి. నా చేతిలో ఉన్నది ఉడికించిన కోడి కార్జం. ఉప్పు లేదు, పసుపు లేదు, అల్లంవెల్లుల్లి అసలే లేదు. గోరువెచ్చగా ఉంది, ఎందుకంటే వేడికి వాసన బాగా లేస్తుంది. దీన్ని ఒక్కోటి శనగగింజంత ఉండేలా మూడు ముక్కలు చేశాను. మధ్య ముక్కకి గోరుతో చిన్న గంటు పెట్టాను. మాత్రకి నెయ్యి ఒక్క చుక్క రాసి, నలపకుండా, ఆ గంటులోకి తోసి మూసేశాను. చూశారా, మాత్ర పట్టుకున్నది కుడి చేత్తో. ముక్క మూసిందీ, పెట్టబోయేదీ ఎడమ చేత్తో. ఇది చాలా ముఖ్యం. మాత్ర పొడి అంటిన వేలితో పై భాగం ముట్టుకుంటే పిల్లి ముక్కుకి దొరికిపోతారు.

మొదట ఖాళీ ముక్క ఇవ్వండి. అది నములుతుండగానే మందు ముక్క ఇవ్వండి. మూడోది ముక్కు ముందు కనిపిస్తూ ఉండాలి! దాని కోసం తొందరపడి రెండోది గుటుక్కున మింగేస్తుంది. ఇదంతా భోజనానికి కాస్త ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు, గిన్నె ఉండే చోటికి దూరంగా జరగాలి.

కార్జం రోజుల తరబడి పెట్టకూడదు, విటమిన్ ఎ ఎక్కువైపోతుంది. మార్చి మార్చి ఉడికించిన చికెన్, ముల్లు తీసిన చేప, రొయ్య, గుడ్డు పచ్చసొన వాడండి. షాపులో దొరికే క్రీమీ ట్రీట్ ట్యూబులు కూడా బాగా పనిచేస్తాయి. సిరప్ అయితే, డాక్టర్ సరే అంటే, ఆ క్రీమ్ ఒక్క చెంచాలో కలపండి. ఒక్క చెంచా అంతే, గిన్నెడు కాదు.

చేపల పులుసు ముక్కలోనో చికెన్ కూర ముక్కలోనో దాచేవాళ్ళున్నారు. వద్దు! ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలని పగలగొడతాయి. పిల్లి బరువు కిలోకి 5 గ్రాముల ఉల్లి చాలు, రక్తం దెబ్బతినడానికి. మన పులుసులో ఉల్లి ఎంత పడుతుందో మీకు తెలుసు. అలాగే జ్వరమొచ్చిందని మన పారాసెటమాల్ ముక్క చేసి దాచిపెట్టేవాళ్ళకి చెప్తున్నా, అది పిల్లికి విషం. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి లివర్‌కి లేదు. ఒక్క మాత్ర ప్రాణం తీస్తుంది.

డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాశారా? పాలు, పెరుగు, చీజ్‌లో దాచొద్దు. కాల్షియం ఆ మందుని పట్టేసి సరిగ్గా ఒంటబట్టనివ్వదు. పైగా ఆ మాత్ర గొంతు కింద అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడే పుండు చేసి దారి మూసేస్తుంది. వెనకే ఖాళీ ముక్క ఇవ్వండి, లేదా సిరంజితో బుగ్గ పక్క నుంచి 5, 6 మి.లీ. నీళ్ళు మెల్లగా పట్టండి.

కొన్ని మందులు పరగడుపునే వెయ్యాలి, వాటికి ఈ పద్ధతి కుదరదు. అందుకే ఆసుపత్రి నుంచి బయటికొచ్చే ముందే అడగండి. "డాక్టర్ గారూ, ఇది తిండితో ఇవ్వొచ్చా? నలపొచ్చా? పాలు పడతాయా? ఇదే మందు సిరప్‌గానో ఇంజక్షన్‌గానో ఉందా?" చీటీ వెనకాల రాయించుకోండి. రెండుసార్లు ఉమ్మేస్తే వెంటపడి తరమొద్దు, ఫోన్ చేసి మందు రూపం మార్చమని అడగండి.

మీ పిల్లికి ఏ మందు రాశారో, ఏ ముక్కలో పెడితే మింగిందో కామెంట్‌లో రాయండి. పాలన్నం గిన్నె రీల్ మీ ఫ్యామిలీ గ్రూపులో ఎవరైనా పెట్టి ఉంటే, దాని కిందే ఈ వీడియో కూడా పెట్టండి, ఈరోజే.