కారు సెడాన్‌దే, డిక్కీ మాత్రం వేరే లెవెల్: స్టేషన్ వ్యాగన్ సంగతులు

అందరికీ నమస్కారం. ఈ రోజు వీడియో మొత్తం కారు వెనక సగం గురించే. ఇంజన్, హార్స్‌పవర్ లెక్కలు ఇంకో రోజు చూద్దాం.

స్టేషన్ వ్యాగన్ అంటే సెడాన్ పైకప్పునే వెనక దాకా సాగదీసి, పైకి తెరుచుకునే డిక్కీ డోర్ పెట్టిన కారు. ముందు పేరు. రైల్వే స్టేషన్ దగ్గర దిగినవాళ్లనీ వాళ్ల పెట్టెల్నీ మోసిన బండి కాబట్టి స్టేషన్ వ్యాగన్ అయింది. బ్రిటన్‌లో దీన్నే ఎస్టేట్ అంటారు, జర్మనీలో కోంబి. ఆడి దీనికి అవాంట్ అని పేరు పెట్టుకుంది, బీఎండబ్ల్యూ టూరింగ్ అంది. సెకండ్ హ్యాండ్ బండి వెతికేటప్పుడు ఈ పేర్లన్నీ కొట్టి చూడండి, లేకపోతే సగం బళ్లు కళ్లపడవు.

ఇప్పుడు టేపు తీద్దాం. నేల నుంచి డిక్కీ అంచు దాకా వ్యాగన్‌లో సుమారు 60 నుంచి 65 సెం.మీ. ఉంటుంది. ఎస్‌యూవీల్లో 70 దాటడం మామూలే. చూడ్డానికి బెత్తెడు తేడా. కానీ 23 కిలోల సూట్‌కేసుని నాలుగుసార్లు ఎత్తి దించితే, ఆ బెత్తెడు విలువేంటో నడుము చెబుతుంది.

కేటలాగ్‌లో రాసే లీటర్ల సంగతి కూడా చూద్దాం. స్కోడా వ్యాగన్ ఆక్టేవియా కోంబికి 640 లీటర్లు అని ఉంటుంది. యూరప్ పద్ధతిలో దీన్ని నీళ్లు పోసి కొలవరు. 20×10×5 సెం.మీ. దిమ్మెలు పేరుస్తారు, ఒక్కో దిమ్మె ఒక లీటరు. ఆ దిమ్మెలు మూలల్లోకీ, కొన్ని కార్ల లెక్కలో అయితే ఫ్లోర్ కింద గుంటలోకీ దూరిపోతాయి. మీ సూట్‌కేసు దూరదు. అందుకే లీటర్లని నమ్ముకోకుండా మూడు కొలతలు తీసుకోండి: సీటు వీపు నుంచి డిక్కీ డోర్ దాకా పొడవు, రెండు చక్రాల గూళ్ల మధ్య వెడల్పు, సామాను కనపడకుండా పైన లాగే కవర్ దాకా ఎత్తు.

ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులకి ఈ కొలతలు ఎలా పనికొస్తాయో చూడండి. పెద్ద సూట్‌కేసు దాదాపు 75×50×30 సెం.మీ. డిక్కీ పొడవు 110, వెడల్పు 100 ఉందనుకుందాం. పెట్టెలు పడుకోబెడితే రెండో వరసకే కవర్ దాటిపోతాయి. అలా కాకుండా మూడింటిని పొడవైన అంచు మీద, పుస్తకాల్లా పక్కపక్కనే నిలబెట్టండి. వెడల్పులో 90 అయిపోయింది, పొడవులో 75. డోర్ వైపు ఇంకా 35 మిగిలింది. నాలుగోది అందులో అడ్డంగా కూర్చుంటుంది. అది అన్నిట్లోకీ తేలికది అవ్వాలి, బరువైనవి సీటుకి ఆనాలి. డోర్ ఒక్కసారిగా వేసేయకండి. అద్దం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పెట్టె మూల తగులుతుందేమో చూసుకుంటూ మెల్లగా దించండి.

సామాను సీటు వీపు దాటి పైకొస్తే నెట్ కట్టాల్సిందే. సడన్ బ్రేక్ పడితే పైన పెట్టిన బ్యాగ్ నేరుగా తలల మీదికే వస్తుంది. వెనక సీట్లో ఎవరూ లేకపోతే ఆ బెల్టుల్ని అడ్డంగా ఎక్స్ ఆకారంలో పెట్టేయండి, సీటు వీపుకి ఆసరాగా ఉంటుంది.

చోటుంది కదా అని నింపేయకూడదు. మనిషికి 75 కిలోల చొప్పున ఐదుగురు 375, నాలుగు పెట్టెలు 92, అంటే 467 కిలోలు. కారు ఎంత మోస్తుందో డోర్ పిల్లర్ మీద గానీ కాగితాల్లో గానీ ఉంటుంది, చూసుకోండి. టైర్లలో గాలి కూడా ఫుల్ లోడ్‌కి ఎంత రాశారో అంత పట్టించాలి. వెనక కుంగితే ముందు లైట్లు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. ఆటోమేటిక్ కాకపోతే డాష్‌బోర్డ్ మీద చిన్న చక్రం ఉంటుంది, తిప్పి కిందికి దించండి. రూఫ్ బాక్స్ సంగతీ అంతే. టాప్ మీద 75 కిలోలే అనుమతి ఉంటే, బార్లూ బాక్సూ కలిపి పాతిక కిలోలు పోతాయి, సామానుకి మిగిలేది 50.

ఇక డ్రైవింగ్. ఎస్‌యూవీ కంటే తక్కువ ఎత్తు వల్ల మలుపుల్లో అంత ఊగదు, హైవే మీద గాలిని తక్కువగా ఢీకొంటుంది కాబట్టి ఇంధనం కలిసొస్తుంది. అలాగని లోపాలు లేవని కాదు. సీటు కిందికి ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కి దిగడానికి ఇబ్బంది పడతారు. డిక్కీకీ సీట్లకీ మధ్య గోడ ఉండదు కాబట్టి టైర్ల చప్పుడు ఎక్కువ. వెనక అద్దం ఊరికే మురికవుతుంది. నిలువుగా తెగిన తోక వెనక గాలి సుడి తిరిగి, చక్రాలు చిమ్మిన నీళ్లని అద్దం మీదికి లాక్కొస్తుంది. అందుకే వ్యాగన్‌కి వెనక వైపర్ ఉండి తీరాలి.

పాతది కొంటుంటే డిక్కీ డోర్ పూర్తిగా ఎత్తి, పైన కీలు పక్కనున్న రబ్బరు గొట్టాన్ని చూడండి. డోర్ వేసి తీసిన ప్రతిసారీ లోపలి వైర్లు వంగుతాయి, కొన్నేళ్లకి తెగుతాయి. నంబర్ ప్లేట్ లైటు, వైపర్, అద్దం హీటర్ ఒక్కొక్కటిగా మొరాయిస్తున్నాయంటే అనుమానించాల్సింది దాన్నే. వాషర్ పైపు ఊడితే నీళ్లు అద్దం మీదికి కాకుండా రూఫ్ లైనింగ్‌లోకి పోతాయి.

తర్వాత ఫ్లోర్ ఎత్తి స్టెపినీ గుంటలో చెయ్యి పెట్టండి. తడి తగిలితే టెయిల్ లైట్ల రబ్బరు, రూఫ్ రెయిల్స్ బిగింపులు, డోర్ బీడింగ్ వరసగా చూడాలి. ఒకరు టార్చితో లోపల కూర్చోండి, ఇంకొకరు బయట కింద నుంచి మొదలుపెట్టి పైకి నీళ్లు పట్టండి. పై నుంచి పోస్తే అన్నీ తడిసిపోయి కారుతున్న చోటు దొరకదు.

డోర్ ఎత్తితే నిలబడకుండా జారుతోందా? డోర్‌ని ఎత్తి పట్టుకునే గ్యాస్ నింపిన కడ్డీలు, అంటే గ్యాస్ స్ట్రట్‌లు అయిపోయాయి. చలికాలం పొద్దున చూస్తే బాగా బయటపడుతుంది. మార్చేటప్పుడు డోర్‌కి గట్టి కర్ర ఆసరా పెట్టి, చిన్న స్క్రూడ్రైవర్‌తో క్లిప్ లేపితే బాల్ జాయింట్ ఊడొస్తుంది. ఒక్కటే పోయినా రెండూ మార్చండి, లేకపోతే డోర్ ఒక పక్కకి మెలితిరుగుతుంది. బటన్ నొక్కితే దానంతటదే తెరుచుకునే పవర్ టెయిల్‌గేట్ అయితే మాత్రం చెయ్యి పెట్టొద్దు, లోపల మోటార్ ఉంటుంది, మెకానిక్‌కే వదిలేయండి.