వంకాయ ఆవు మీద వెళ్ళే వేసవి

అందరికీ నమస్కారం.

మన దగ్గర ఎండాకాలం పోతోందంటే ప్రాణం లేచొస్తుంది. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడితే చాలు, హమ్మయ్య అనుకుంటాం. ఎండలు పోయాయని దిగులు పడేవాళ్ళను నేనైతే చూడలేదు. జపాన్‌లో ఆ దిగులుంది.

అక్కడ చాలా ప్రాంతాల్లో వానల కాలం జూన్, జూలైలలో వచ్చి, అసలు ఎండలు ముదరకముందే వెళ్ళిపోతుంది. అందుకే వాన పడి వేసవి అయిపోవడం అనేది వాళ్ళకు లేదు. పాత పంచాంగం ప్రకారం ఆగస్టు 7 లేదా 8న 'రిష్షూ', అంటే శరత్తు మొదలు. ఆ రోజూ ఎండ మండిపోతూనే ఉంటుంది. మారేది మాట మాత్రమే. ముందురోజు దాకా అయినవాళ్ళకు రాసే పలకరింపు కార్డు మీద 'షోచూ మిమాయ్', అంటే మండుటెండల్లో పలకరింపు అని ఉంటుంది. రిష్షూ నుంచి అది 'జన్షో మిమాయ్' అవుతుంది. జన్షో అంటే మిగిలిన వేడి. అదే ఉక్క, అదే చెమట. కానీ ఇక దాన్ని పోతున్న వేడిగా చూస్తారు. నాకు ఈ మాట ఎంతో ఇష్టం.

ఆగస్టు మధ్యలో చాలాచోట్ల ఓబోన్ చేస్తారు. పోయిన పెద్దలు ఆ నాలుగు రోజులు ఇంటికొస్తారని నమ్మకం. మన పెద్దల అమావాస్య గుర్తొస్తుంది కదా! కొన్ని ప్రాంతాల్లో కీరదోసకాయకు, వంకాయకు పుల్లలు గుచ్చి నాలుగేసి కాళ్ళు పెడతారు. కీరదోసకాయ గుర్రం. పెద్దలు దాని మీద త్వరగా రావాలి. వంకాయ ఆవు. వెళ్ళేటప్పుడు దాని మీద నెమ్మదిగా వెళ్ళాలి. వేసవిని కూడా వాళ్ళు ఆ ఆవు మీదే పంపిస్తారని నాకనిపిస్తుంది. 16వ తేదీ రాత్రి క్యోటో చుట్టూ ఐదు కొండల మీద మంటలు వెలిగించి పెద్దలను సాగనంపుతారు. ఓబోన్ దాటాక సముద్రంలోకి దిగొద్దని పిల్లలకు చెబుతారు, జెల్లీఫిష్‌లు కుడతాయని.

ఆ తర్వాత వేసవి వెళ్ళిపోవడం చెవికి తెలుస్తుంది. చెట్ల మీద రొద చేసే సికాడా పురుగుల్లో ఒక రకం వేసవి చివర్లో బాగా వినిపిస్తుంది. దాని కూతే దాని పేరు: త్సుకుత్సుకుబోషి. అది వినగానే బడి పిల్లలకు టెన్షన్. సెలవులు చాలాకాలం ఆగస్టు 31తో ముగిసేవి. ఇప్పుడు కొన్నిచోట్ల ఇంకా ముందే అయిపోతాయి. సెలవుల హోంవర్క్‌గా ఇచ్చిన బొమ్మల డైరీ మిగిలిపోయి ఉంటుంది. అందులో ఏ రోజు ఎండో, ఏ రోజు వానో కూడా రాయాలి. నెల కిందటి వాతావరణం ఎవరికి గుర్తుంటుంది?

'ఎండైనా చలైనా హిగాన్ దాకానే' అని జపాన్‌లో సామెత. శరత్తులో హిగాన్ అంటే సెప్టెంబరు 23 చుట్టూ ఉండే వారం. ఆ లెక్క ఇప్పుడు తప్పుతోంది. 35 డిగ్రీలు, ఆపైన వేడి ఉండే రోజుకు అక్కడి వాతావరణ శాఖ 2007లో 'మోషోబి' అని వేరే పేరే పెట్టాల్సి వచ్చింది. 2023 వేసవి అప్పటిదాకా నమోదైనవాటిలో అత్యంత వేడిది. 2024 దానితో సమానమైంది, 2025 రెండింటినీ దాటింది. సెప్టెంబరులోనూ మోషోబి రోజులు వస్తున్నాయి. నన్ను బాధపెట్టేది ఇదే. జన్షో అని కార్డు రాసి పోస్టు చేస్తారు. అది అందిన ఇంట్లో నెల తర్వాత కూడా ఏసీ ఆపే వీలుండదు.