ట్రైలర్ టైర్లకి గాలి: డబ్బా మీద 150 అని ఉంటే చాలా?

హోస్ట్: ఆ, రికార్డ్ అవుతోంది. అన్నా, ఈసారి మనవాళ్ళు అందరూ ఒకటే అడుగుతున్నారు. ట్రావెల్ ట్రైలర్, అదే ట్రక్ వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఇల్లు, కొన్నాం, దాని టైర్లకి గాలి కొట్టే మిషన్ ఏది కొనాలి అని. ఆన్‌లైన్‌లో చూస్తే నలభై డాలర్ల నుంచి మొదలుపెట్టి మూడు నాలుగొందల దాకా ఉన్నాయి, అన్నిటి మీదా 150 పీఎస్ఐ, అంటే గాలి ప్రెషర్ కొలత, అనే రాసుంది. మరి తేడా ఎక్కడ?

అన్న: ముందు ఆ 150ని పక్కన పెట్టు తమ్ముడూ. అది ఆ మిషన్ చచ్చీచెడీ ఎంతదాకా నెట్టగలదు అనే నంబర్, అంతే. నీ టైర్‌కి కావాల్సిన ప్రెషర్ దగ్గర అది ఎంత గాలి తోస్తుంది, ఆగకుండా ఎంతసేపు తోస్తుంది, చూడాల్సింది అదీ. కారు టైర్ అయితే 35 దగ్గర పని అయిపోయింది. ట్రైలర్ టైర్ సైడ్‌వాల్ చూడు, ఎస్టీ అని ఉంటుంది, స్పెషల్ ట్రైలర్ అని. దాని లోడ్ రేంజ్, అంటే ఎంత బరువు మోస్తుందో చెప్పే అక్షరం, సీ అయితే మామూలుగా 50 పీఎస్ఐ, డీ అయితే 65, ఈ అయితే 80. మన డాలస్‌లో చాలామంది కొనే పెద్ద రెండు యాక్సిల్ ట్రైలర్లకి డీ గానీ ఈ గానీ ఉంటాయి.

హోస్ట్: అంటే కారుకి దాదాపు డబుల్, ఈ అయితే అంతకంటే ఎక్కువ.

అన్న: అంతే, పైగా అక్కడే కష్టం మొదలవుతుంది. ఈ చిన్న మిషన్లు ఖాళీ గాలిలోకి వదిలితే బాగానే ఊదుతాయి, డబ్బా మీద వేసే సీఎఫ్ఎం, అదే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అనేది, కూడా చాలావాటికి ఆ ఖాళీగా వదిలినప్పటి లెక్కే. ప్రెషర్ పెరిగేకొద్దీ అది పడిపోతూ ఉంటుంది. 30 నుంచి 40కి ఎక్కించడం వేరు, 70 నుంచి 80కి ఎక్కించడం వేరు, ఆ చివరి పది పీఎస్ఐ దగ్గర చవక మిషన్ వేడెక్కి, వాసనొచ్చి, లోపల థర్మల్ కటాఫ్, అంటే వేడెక్కితే ఆపేసే స్విచ్, ఉంటే ఆగిపోతుంది, అది కూడా లేకపోతే ఇంక చెప్పేదేముంది.

హోస్ట్: ఎంతసేపు నడపొచ్చు, ఎంతసేపు ఆపాలి అనేదాన్ని డ్యూటీ సైకిల్ అంటారు, అదేనా?

అన్న: అదే. 33 శాతం అని రాస్తే 15 నిమిషాలు నడిపి 30 నిమిషాలు ఆపాలి అన్నమాట. కానీ పక్కన ఇంకో ముక్క ఉంటుంది, ఎవరూ చదవరు, ఎంత ప్రెషర్ దగ్గర అని. 30 పీఎస్ఐ దగ్గర చేసిన లెక్క నాకెందుకు చెప్పు, నేను 80 దగ్గర నడపాలి. మంచి మిషన్లకి 100 పీఎస్ఐ దగ్గర ఎంత అనేది ఇస్తారు. ఆ లైన్ కనిపించకపోతే నేనైతే కొనను.

హోస్ట్: మరి కరెంటు? నా ట్రక్‌లో సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టేస్తే అయిపోదా?

అన్న: ఆ సాకెట్ ఫ్యూజ్ ఎంత చూశావా ఎప్పుడైనా? 15 ఆంప్స్ అనుకో. 12 వోల్టులు ఇంటూ 15, 180 వాట్లు. అంతలోనే బతకాలి ఆ మిషన్. వయేర్ అనే కంపెనీ వాడి 88పీ లాంటిది చిన్నదే, కానీ 20 ఆంప్స్ లాగుతుంది, అందుకే వాడు దానికి సాకెట్ పిన్ ఇవ్వకుండా బ్యాటరీకి పెట్టే క్లిప్పులు ఇచ్చాడు. క్లిప్పులున్నాయంటేనే కాస్త పనిచేసే మిషన్ అని ఓ అంచనాకి రావచ్చు.

హోస్ట్: అయితే బానెట్ తెరిచి ట్రక్ బ్యాటరీకి పెట్టాలి. అక్కడినుంచి ట్రైలర్ వెనక చక్రం దాకా గొట్టం అందుతుందా మరి?

అన్న: అందదు! అదే జనం కొన్నాక చూసుకునేది. ట్రక్కే ఇరవై అడుగులు, దాని వెనకాల ట్రైలర్ నాలుక, అదే ట్రక్‌కి తగిలించే ముందు భాగం, ఆ తర్వాత యాక్సిళ్ళు ట్రైలర్ మధ్యకి కాస్త వెనగ్గా ఉంటాయి. మొత్తం నలభై అడుగులు. వయేర్ వాడే 400పీ ఆర్వీ అని ఒకటి అమ్ముతాడు, దానికి అరవై అడుగుల దాకా గొట్టం ఇస్తాడు, ఊరికే ఇవ్వలేదు. కానీ నన్నడిగితే సులువు దారి వేరే ఉంది. ట్రైలర్ నాలుక మీద దానిదే బ్యాటరీ ఉంటుందిగా, దానికి పెట్టు క్లిప్పులు. అక్కడినుంచి వెనక యాక్సిల్‌కి 25 అడుగుల ట్రైలర్‌కైనా ఇరవై అడుగులకి దగ్గర్లోనే ఉంటుంది.

హోస్ట్: ఆ బ్యాటరీ అయిపోతే రాత్రి ట్రైలర్‌ని వెచ్చగా ఉంచే ఫర్నేస్ ఫ్యాన్ తిరగదు కదా, చలికాలం మా ఆవిడ ఊరుకోదు.

అన్న: లెక్క వెయ్యి. 20 ఆంప్స్ చొప్పున ఇరవై నిమిషాలు నడిపితే ఏడు ఆంప్ అవర్స్ లోపు. ట్రైలర్లకి పెట్టే గ్రూప్ 24 సైజు డీప్ సైకిల్ బ్యాటరీలో డెబ్బై ఎనభై ఆంప్ అవర్స్ ఉంటాయి. ఏం కాదు. ఇంకోటి, అందట్లేదని కరెంటు వైర్ పొడిగించొద్దు, గాలి గొట్టం పొడిగించు. సన్న వైర్ పొడుగైతే వోల్టేజ్ పడిపోయి మోటర్ ఈసురోమంటుంది.

హోస్ట్: ఇంట్లో డ్రిల్లుకి వాడే బ్యాటరీలతో నడిచేవి వస్తున్నాయిగా, రయోబీ, మిల్వాకీ, డివాల్ట్...

అన్న: ఆ బ్యాటరీలు నీ దగ్గర ఆల్రెడీ ఉంటే కళ్ళు మూసుకుని అదే తీసుకో. వైర్ల గొడవ లేదు, చక్రం పక్కన పెట్టి నంబర్ సెట్ చేస్తే దానంతట అదే ఆగుతుంది. డివాల్ట్ దాంట్లో ఒకటి 20 వోల్టుల బ్యాటరీతోనూ నడుస్తుంది, కారు 12 వోల్టుల మీదా నడుస్తుంది. కొంచెం గాలి ఎక్కించడానికి ఇవి భేష్. పూర్తిగా దిగిపోయిన టైర్ని సున్నా నుంచి 80కి అంటే మాత్రం విసుగొస్తుంది, బ్యాటరీ కూడా వేడెక్కుతుంది.

హోస్ట్: అసలు దార్లో అన్నిసార్లు ఎక్కించాల్సి వస్తుందా? ఇంటి దగ్గర నింపుకుని బయల్దేరితే సరిపోదా?

అన్న: ఇక్కడినుంచి కొలరాడో కొండల్లో ఉన్న ఎస్టెస్ పార్క్ వెళ్ళావనుకో. ఆగస్టులో డాలస్‌లో పొద్దున్నే 85 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నప్పుడు 80 పీఎస్ఐకి నింపావు. అక్కడ తెల్లారి 45 డిగ్రీలు. ఆ నలభై డిగ్రీల తేడాకే దాదాపు ఏడు పీఎస్ఐ దిగుతుంది. అయితే ఎస్టెస్ పార్క్ ఏడున్నర వేల అడుగుల ఎత్తులో ఉంది, బయట గాలి పల్చన కాబట్టి గేజ్‌లో మూడున్నర వెనక్కొస్తుంది. అయినా మూడున్నర తక్కువే. టైర్ కారట్లేదు, ఏం కాలేదు, ఊరికే చలి. మళ్ళీ తిరుగుప్రయాణంలో పెరుగుతుంది, అప్పుడు జనం చేసే తప్పేంటంటే మధ్యాహ్నం హైవే మీద ఆగి వేడి టైర్లో గాలి తీసేస్తారు. తియ్యకూడదు. టైర్ మీద రాసింది చల్లగా ఉన్నప్పటి ప్రెషర్, బండి ఆపి మూడు గంటలైనా అయ్యుండాలి. ఎండ పడే వైపు టైర్లు కూడా ఎక్కువ చూపిస్తాయి, అందుకే సూర్యుడు రాకముందే చూసుకోవాలి.

హోస్ట్: అందుకే గ్యాస్ స్టేషన్ మీద ఆధారపడలేం అంటారు.

అన్న: అక్కడికి వెళ్ళేసరికే టైర్ వేడెక్కిపోతుంది, పైగా ఆ గాలి మిషన్ ఎక్కడో మూలన ఉంటుంది, ముప్పై అడుగుల ట్రైలర్‌తో ఆ మూలకి తిప్పు చూద్దాం. కాలిఫోర్నియా, కనెక్టికట్‌లో పెట్రోల్ కొట్టించుకుంటే గాలి ఫ్రీగా ఇవ్వాలని చట్టం ఉంది, మనకి ఇక్కడ చాలాచోట్ల కార్డు గీకాల్సిందే.

హోస్ట్: మిషన్‌కున్న గేజ్‌ని నమ్మొచ్చా?

అన్న: గాలి తోస్తున్నప్పుడు అది గొట్టంలో ప్రెషర్ చూపిస్తుంది, టైర్లోది కాదు, కాస్త ఎక్కువే చెప్తుంది. ఆపి చూడు, విడిగా ఒక మంచి గేజ్ జేబులో పెట్టుకో. వాల్వ్ దగ్గర ఇంకో సంగతి. మామూలు రబ్బర్ వాల్వ్ 65 పీఎస్ఐ దాకానే. లోడ్ రేంజ్ ఈ టైర్లు వేయించుకుంటే హై ప్రెషర్ వాల్వులు వేశాడో లేదో అక్కడే చూసుకో, టైర్ మార్చి పాత వాల్వే వదిలేసే షాపులున్నాయి. కంప్రెసర్ మంచిది కొని 80 కొట్టి వాల్వ్ దగ్గర పోతే ఏం లాభం.

హోస్ట్: చివరిగా ఒకటి. చలికాలం ముందు, గడ్డకట్టి పగలకుండా, ట్రైలర్ పైపుల్లో నీళ్ళు గాలితో తోసెయ్యాలి అంటారు. ఇదే మిషన్ పనికొస్తుందా? 2021 ఫిబ్రవరి చలి తర్వాత ఇక్కడ అందరికీ భయం పట్టుకుంది.

అన్న: దానికి ప్రెషర్ కాదు, గాలి ఎక్కువ కావాలి. టైర్ మిషన్ పెడితే గాలి సన్నగా వెళ్ళి నీళ్ళ మీదుగా జారిపోతుంది, నీళ్ళు అక్కడే ఉంటాయి. ఇంటి గ్యారేజీలో ఆరు గ్యాలన్ల ట్యాంక్ ఉన్న కంప్రెసర్ పెట్టుకో, మన దిబ్బరొట్టెలా గుండ్రంగా ఉంటుందే, అది. అది ట్రిప్పుకి మోయక్కర్లేదు, బరువు, పైగా ఇంటి కరెంటు కావాలి. రెగ్యులేటర్ 40 దగ్గర పెట్టు, 120 పెట్టి పైపు జాయింట్లు ఊడగొట్టుకోకు. ముందు వాటర్ హీటర్ ఆపి, చల్లారాక, లోపల ప్రెషర్ వదిలేసి అప్పుడు డ్రెయిన్ ప్లగ్ తియ్యి, తర్వాత గాలి ఆ హీటర్‌లోకి పోకుండా బైపాస్ చేసి ఒక్కో కుళాయి తెరుస్తూ రా. బయట షవర్ మర్చిపోతారు అందరూ, అదే ముందు పగిలేది.

హోస్ట్: టాయిలెట్ ఫ్లష్ కూడా?

అన్న: అదీ తొక్కాలి, నీళ్ళు రావడం ఆగేదాకా. ఇంకేమైనా ఉంటే అడగమను, వచ్చేసారి ట్రక్‌లోంచి ట్రైలర్ బ్రేకులు పనిచేయించే బ్రేక్ కంట్రోలర్ సంగతి చూద్దాం.